బూజు తీసిన బన్ను

హైదరాబాదు నుంచి బెజవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, జగ్గయ్యపేట దాపున, చిల్లకల్లు టోల్‌గేటు ఉంది. పెద్దవాళ్లు ఆ దారిని ఇప్పటికీ 9వ నంబరు రోడ్డనే అంటారు. టోల్‌గేటుకు కాస్త ఎడంగా, రేకుల పంచ కింద ఒక టీ కొట్టు ఉండేది. కొట్టు నడిపే ఆవిడకు ఇంట్లో పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, సిమెంటు లారీల డ్రైవర్ల దగ్గర్నుంచి మిరపకాయలు కోయడానికి వచ్చే కూలీల దాకా అందరికీ ఆవిడ పిన్నే.

పిన్నికో కుక్క. టోల్‌గేటు దగ్గర వానలో తడుస్తూ దొరికిన పిల్ల గనక టోలుగాడని పేరు పెట్టింది. నల్ల ఒళ్లు, తెల్ల పంజాలు. ఒక చెవి నిలబడితే ఒక చెవి వాలిపోయి ఉండేది. రాత్రి కొట్టు కట్టేశాక పాల క్యాన్ల పక్కన పడుకుని, కొత్త అడుగు వినబడితే చాలు లేచి మొరిగేవాడు.

పిన్ని భక్తురాలు. తిరుపతమ్మ తల్లి పటానికి దణ్ణం పెట్టందే పొయ్యి వెలిగించేది కాదు. కుక్కకు పెట్టడం కూడా ఆవిడ లెక్కలో పూజే. "నోరులేని జీవం. దానికి పెట్టింది ఎక్కడికీ పోదు, పైన రాసుకుంటారు" అనేది.

పైన ఏం రాసుకున్నారో గానీ, కింద టోలుగాడి సత్తుగిన్నెలో పడేవి ఇవి: విరిగిన పాలు, మూడోనాటి ఇడ్లీ పిండి, అడుగంటిన ఉప్మా, సాయంత్రానికి తీగసాగిన పల్లీ చట్నీ. అమ్మగలిగింది ఏదీ ఆ గిన్నె దాకా వచ్చేది కాదు.

నాలుగేళ్లలో రెండు మూడు సార్లు వాడు కక్కాడు. ఒక పూట గడ్డి కొరికి, నీడపట్టున పడుకుని, మర్నాటికి లేచి తోకాడించాడు. దాంతో పిన్నికి ఒక నమ్మకం కుదిరిపోయింది. "కుక్క పొట్టకేం? ఇనుము తిన్నా అరాయించుకుంటది." వాడు బతికి బయటపడిన ప్రతిసారీ ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడింది. వాడు పడ్డ బాధ మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

కొట్టు వెనక నల్లరేగడి చేలు. మాఘమాసం వచ్చేసరికి అక్కడ ఒక ఆసామి మిరప కల్లం వేసేవాడు. ఎండుతున్న కాయల మీద రాత్రుళ్లు పట్టా కప్పి, పక్కనే మంచం వేసుకుని కాపలా పడుకునేవాడు. టోలుగాడికి ఆ పట్టా అంటే మోజు. పగలంతా కాగిన కాయల వెచ్చదనం దాని కింద ఉంటుంది కదా! ఎక్కి పొర్లి, అంచులు లాగి, కాయలు చెదరగొట్టి, తెల్లారేసరికి ఇంత బొచ్చు అక్కడ వదిలి వచ్చేవాడు. ఆసామి ఓపిక పట్టి పట్టి ఒకరోజు నలుగురి ముందూ కేకేశాడు.

"వదినా, నీ కుక్కని కట్టేసుకున్నావా సరే. లేకపోతే చేలో కొట్టే మందే అన్నంలో కలిపి పెడతా!"

"పెట్టు, చూద్దాం" అంది పిన్ని.

నలుగురూ నవ్వారు. ఆ పూటకు అయిపోయింది. కానీ నలుగురిలో అన్న మాట ఎటూ పోదు. అవసరం పడిన రోజున పిలవకపోయినా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

ఆ ఏడు పెనుగంచిప్రోలు పెద్ద తిరునాళ్లకు తెలంగాణ వైపు నుంచి వచ్చే జనం తన దగ్గర ఆగుతారని పిన్ని బన్నులు పది కవర్లు ఎక్కువ తెప్పించింది. జనం వచ్చారు. వచ్చి, కార్లలోంచీ బస్సుల్లోంచీ దిగకుండానే పోయారు. అమ్ముడుపోయినవి పోగా రెండు కవర్లు గోనెసంచుల వెనక్కి జారిపడి ఆవిడ కంట పడలేదు. పగలు రేకుల వేడికి కవరు లోపల చెమట పట్టేది. రాత్రి మంచుకు అది చల్లారి బన్నుల మీదే దిగేది. పది రోజులకు పిన్ని సంచులు సర్దుతుంటే ఆ కవర్లు బయటపడ్డాయి. బన్నుల మీద నీలం, ఆకుపచ్చ కలిసిన బూజు, వెల్ల వేసినట్టు.

పారేద్దామని చెయ్యెత్తింది. డబ్బు పెట్టి కొన్న సరుకాయె. చాకు తీసుకుని పైపైన గీకింది. బూజు రాలింది, కింద తెల్లటి మెత్తన కనబడింది.

"పోయింది గదా, ఇంకేం?" అనుకుని నాలుగు బన్నులు తుంచి సత్తుగిన్నెలో వేసింది. టోలుగాడు రెండు నిమిషాల్లో గిన్నె నాకేశాడు. ఖాళీ కవరూ, గీకిన పొట్టూ బల్ల కింద చెత్తబుట్టలోకి పోయాయి. అప్పుడు సాయంత్రం అయిదు.

ఆరున్నరకు వాడి వెనక కాళ్లు వణకడం మొదలెట్టాయి. చలి అనుకున్నారు. కాసేపటికి ఒళ్లంతా, చలిజ్వరం మనిషికి పట్టినట్టు, ఆగకుండా ఊగిపోయింది. నోటి వెంట చొంగ. లేవబోయి పక్కకు ఒరిగాడు. రోడ్డు మీద లారీ హారన్ మోగినప్పుడల్లా కరెంటు తగిలినట్టు ఎగిరిపడి కాళ్లు బిగదన్నేవాడు. ఆ రోడ్డు మీద హారన్ మోగని నిమిషం ఉండదు.

జనం మూగారు. జనం మూగితే వైద్యాలకు కొదవేముంది?

"చింతపండు పులుసు పట్టించండి, కక్కేస్తాడు" అన్నాడొకాయన.

"ఉప్పునీళ్లు, ఉప్పునీళ్లు! చెంబెడు పోయాలి."

"కోడిగుడ్డు తెల్లసొన పొయ్యి పిన్నీ, విషం విరుగుద్ది."

ఇంకొకతను అప్పటికే కొబ్బరినూనె సీసా మూత తీశాడు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. వాడు తిన్నదేమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడక్కుండానే ఒకరికి తెలిసిపోయింది.

"ఇది మందు పనే. మొన్ననేగా ఆసామి అన్నది, మందు పెడతానని?"

తలలన్నీ ఒక్కసారి కల్లం వైపు తిరిగాయి. గొడవేమిటో చూద్దామని అప్పుడే వస్తున్నాడు ఆసామి. వచ్చీ రాగానే ఒక కుర్రాడు చొక్కా పట్టుకున్నాడు. "నోరులేని దాన్ని చంపడానికి చేతులెట్టా వచ్చినయ్ బాబాయ్?"

"నేనా? అన్నాను... అన్న మాట నిజమే. పెట్టలేదురా, నా పిల్లల మీదొట్టు!"

అన్నవాడు పెట్టలేదంటే నమ్మేదెవరు? పిన్ని కుక్క తల దగ్గర కూచుని ఉంది. ఆవిడకు ఆసామి మాట వినబడింది. బల్ల కింద చెత్తబుట్ట కూడా కనబడుతూనే ఉంది. ఆవిడ నోరు విప్పలేదు. విప్పితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు డ్రైవర్లు టీలో బన్ను ముంచుకుని తింటున్నారు.

అంతలో రైతు సేవా కేంద్రంలో పనిచేసే పశుసంవర్ధక సహాయకురాలు స్కూటీ ఆపి దిగింది. పట్టుమని పాతికేళ్లుండవు. వస్తూనే నూనె సీసా పక్కకు నెట్టింది. "నోట్లో ఏదీ పొయ్యొద్దు! వణికే కుక్క మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు దూరం పెట్టండి, తెలియకుండానే కరుస్తాడు." జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

డాక్టరు గొంతులో తొందర లేదు. "నాలుగు సంగతులు చెప్పండి. ఏం తిన్నది? ఎంత తిన్నది? ఎప్పుడు తిన్నది? ఇప్పటిదాకా మీరేం పట్టించారు?"

"ఏమీ పట్టించలేదు సార్, ఆపాను. పురుగుమందు పెట్టారంటున్నారు."

"అంటున్నారా, చూశారా?"

ఎవరూ మాట్లాడలేదు.

"చూడమ్మా, పురుగుమందు తిన్నా ఇట్టాగే వణుకుతుంది, చొంగ కారుస్తుంది. బాగా బూజు పట్టిన తిండి తిన్నా ఇట్టాగే వణుకుతుంది. పైకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మందే అయితే నేను అట్రోపిన్ ఎక్కించాలి, క్షణం ఆగకూడదు. మందు కాకపోతే ఆ సూదే చేటు. గుండె ఇంకా పరిగెడుతుంది, ఒళ్లు ఇంకా కాలుతుంది. కంటిపాప ఎట్టా ఉంది? సూదిమొనంత చిన్నదైందా?"

ఆ అమ్మాయి టార్చి వేసింది. "తల ఆగట్లేదు సార్, సరిగా తెలియట్లేదు."

"అయితే ఇంట్లోవాళ్లని అడగండి. పెట్టిన చెయ్యికి తెలుస్తుంది."

పెట్టిన చెయ్యి టోలుగాడి తల మీద ఉంది. చేతి కింద వాడి పుర్రె ఊయలలా ఊగుతోంది. ఇంకో లారీ హారన్ మోగింది. వాడు ఎగిరిపడ్డాడు. పిన్ని లేచి నిలబడింది. బల్ల కిందికి వంగి, చెత్తబుట్టలోంచి కవరు తీసి, దీపం వెలుగులో అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఆయన కాదు. నేను పెట్టా. బూజు పట్టిన బన్నులు. గీకి పెట్టా. నాలుగు, అయిదింటికి."

బెంచీ మీద డ్రైవరు ఒకడు తన చేతిలో బన్ను వంక చూసుకుని, సగం తిన్నదాన్ని చప్పుడు కాకుండా పక్కన పెట్టాడు. చొక్కా పట్టుకున్న కుర్రాడి చెయ్యి దానంతటదే జారిపోయింది.

ఫోన్లో డాక్టరు మాత్రం తప్పు పట్టలేదు. "మంచి పని చేశావమ్మా చెప్పి. ఆ కవరు పారెయ్యకుండా వెంట తీసుకురండి. ఒళ్లు కాలుతుంటుంది, తడిగుడ్డ కప్పండి, మంచునీళ్లు వద్దు. వెలుగూ చప్పుడూ తగలకుండా తీసుకురండి. నేను ఆసుపత్రి తెరిచి ఉంచుతా."

వెలుగూ చప్పుడూ లేకుండా, జాతీయ రహదారి మీద! బన్ను పక్కన పెట్టిన డ్రైవరు లేచి రోడ్డెక్కి రెండు చేతులూ ఊపుతూ నిలబడ్డాడు. వచ్చే ప్రతి బండికీ "హారన్ కొట్టొద్దన్నా, హారన్ కొట్టొద్దు!" అని కేక. ఆసామి ఒక్క మాటా అనలేదు. కల్లం దగ్గర తన ట్రాలీ ఆటోలో ఎక్కించి ఉన్న మిర్చి టిక్కీలన్నీ కిందికి దించాడు. కారం ఘాటు తగలకుండా ఆటో కడిగాడు. మంచం మీది దుప్పటి తెచ్చి పరిచి, కుక్కను తనే రెండు చేతులతో ఎత్తి పడుకోబెట్టాడు. పిన్ని పక్కన కూచుంది. జగ్గయ్యపేట చేరేదాకా ఆ ఆటోలో మాటలు లేవు.

ఆసుపత్రిలో థర్మామీటరు పెడితే 105 డిగ్రీల ఫారన్‌హీట్. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. ఆగని వణుకే ఆ మంటను రాజేసిందన్నాడు డాక్టరు. వణుకు అణిగేందుకు సూది వేశాడు, సెలైన్ పెట్టాడు. తడిగుడ్డలు మార్చే పని ఆసామికి అప్పజెప్పాడు. వాడు కుదుటపడి మింగగలిగాక, కడుపులో మిగిలిన విషాన్ని పీల్చుకునే బొగ్గు మందు పట్టించాడు. తెల్లవారుజామున పిన్ని ఉండబట్టలేక అడిగింది.

"బూజంతా గీకేశాను గదయ్యా! తెల్లగా ఉన్నదే పెట్టాను."

"పైన కనబడేది పువ్వమ్మా. వేరు లోపలికి పోయి ఉంటుంది, మన కంటికి ఆనదు. చాకు పువ్వునే కోస్తుంది."

ఎండ పొడిచే వేళకు టోలుగాడు తల ఎత్తాడు. వాలిన చెవి వాలినట్టే ఉంది, రెండోది నిలబడింది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత ఆసామి వైపు తిరిగింది గానీ, ఏం మాట అనాలో దొరకలేదు. "నిన్న నువ్వు పెట్టలేదన్నప్పుడే నేను నోరు..." అని ఆగిపోయింది.

"నేనూ అనకూడని మాట అన్నాలే వదినా" అన్నాడు ఆసామి.

ఆ వారమంతా కొట్టుకొచ్చినవాళ్లు టీ మాత్రమే తాగారు. బన్ను అడిగినవాళ్లు లేరు. మాట టోల్‌గేటు దాటి పోయింది. పిన్ని ఎవర్నీ తిట్టుకోలేదు. మిగిలిన పాత సరుకంతా అందరూ చూస్తుండగా బయటికి తీసి, కొట్టు వెనక లోతుగా గొయ్యి తవ్వించి, కుక్క తవ్వలేనట్టు మన్ను కప్పి పైన రాయి పెట్టింది. ఎనిమిదో రోజు పొద్దున కొత్త కవరు వచ్చింది. ఆవిడ తేదీ చూసి విప్పి, మొదటి ముక్క తుంచి టోలుగాడి గిన్నెలో వేసింది.

బెంచీ మీద కూచున్న ఆసామి అది చూశాడు.

"వదినా," అన్నాడు, "ఒక టీ. ఒక బన్ను."

నీతి: నువ్వు తిననిది పెట్టకు. పెట్టినది దాచకు.

ఈ రెండు మాటల్లో మొదటిది మనకు కొత్త కాదు, మరిచిపోయాం అంతే. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. గృహస్థు తాను కూర్చునే ముందే కుక్కకూ కాకికీ ఇంత ముద్ద తీసిపెట్టాలన్నది అందులోని కట్టడి. తినే ముందు తీసింది మన అన్నంలో భాగం. తినలేక విసిరింది మన చెత్తలో భాగం. రెండోదాన్ని మొదటిదాని ఖాతాలో రాసుకోవడమే పిన్ని చేసిన పొరపాటు. చద్దన్నం పెట్టొద్దని కాదు. చద్ది వేరు, పాచి వేరు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున మనమూ తింటాం గనక అది తిండి. వాసన చూసి మనం మొహం తిప్పుకున్నాక అది తిండి కాదు. ఏ గిన్నెలో వేసినా కాదు.

ఇక కుక్క పాడైన తిండి తినేసిందనే అనుకుందాం. వీధికుక్క గానీ పెంపుడుకుక్క గానీ, రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే. అప్పుడు చేయాల్సిన వాటికంటే చేయకూడనివే ఎక్కువ. మిగిలిన తిండి దానికి అందకుండా తీసెయ్యండి, కానీ పారెయ్యొద్దు; కవరో, ముక్కో డాక్టరుకు కావాలి. డాక్టరు చెప్పకుండా కక్కించొద్దు. ఉప్పునీళ్లు పోస్తే రక్తంలో ఉప్పు పెరిగి మెదడుకే ఎసరొస్తుంది. మన పల్లెల్లో విషానికి విరుగుడని పట్టించే చింతపండు పులుసు కుక్క విషయంలో తానే విషం కావచ్చు. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని అమెరికాలో పశువైద్య విషశాస్త్రజ్ఞులు 2022లో ప్రచురించారు. అందులోని టార్టారిక్ ఆమ్లం మీద వాళ్ల అనుమానం. ద్రాక్షపళ్లు కుక్కలకు పడకపోవడానికీ కారణం అదేనంటారు. మన మందుల డబ్బాలోని నొప్పి మాత్రలూ, విరేచనాలు కట్టే మాత్రలూ దాని జోలికి తీసుకుపోవద్దు.

ఒకటి రెండు సార్లు కక్కి, ఒకసారి పల్చగా తిరిగి, ఆ మీదట హుషారుగానే ఉంటే కంగారు పడనక్కర్లేదు. పెద్ద కుక్క అయితే ఒక పూట తిండి ఆపి, నీళ్లు కొంచెం కొంచెంగా మాటిమాటికీ పెట్టండి. తర్వాత ఉప్పూ కారం లేకుండా మెత్తగా వండిన అన్నం, ఉడకబెట్టిన కోడిమాంసం ఎముకలు తీసి, చారెడు చారెడుగా. పిల్ల కుక్కను పస్తుంచకూడదు. దాన్నీ, ముసలిదాన్నీ, చూలుతో ఉన్నదాన్నీ ముందే డాక్టరుకు చూపించాలి. వణుకు, ఫిట్సు, నెత్తురు, ఆగని వాంతులు, ఉబ్బిన పొట్ట, నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా వంటింటి వైద్యం కట్టిపెట్టి పశువైద్యుడి దగ్గరకు పరిగెత్తాల్సిందే. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. బూజు వేరుశనగలో, మొక్కజొన్నో తిన్నదైతే ఆ రోజు బాగున్నా కొన్నాళ్లు కనిపెట్టి ఉండాలి. ఆ బూజు దెబ్బ కాలేయం మీద. తిండి మానెయ్యడం, కళ్లు, చిగుళ్లు పచ్చబడటం ఆలస్యంగా బయటపడతాయి.

ఇవన్నీ డాక్టరు చూసుకోగలడు, పెట్టినదాన్ని మనం దాచకపోతే. ఇది ఒక టీ కొట్టు సంగతి మాత్రమే కాదు. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుబట్టక దానికి 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. ఆ ముడి విప్పింది కూడా ఒక్క ప్రశ్నే: అవి ఏం తిన్నాయి? వెతుక్కుంటూ పోతే మేతలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఆ పిండికి బూజు పట్టి ఉంది. ఆ బూజు విసర్జించే విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరొచ్చింది. ఇవాళ మన వేరుశనగకూ, మన ఎండుమిర్చికీ ఎగుమతి వేళ చేసే పరీక్షల్లో అదీ ఒకటి. ఏ కల్లంలోనైనా కాయలు సరిగా ఎండకముందే మూట కట్టే ఆసామి కూడా, తెలియకుండా, బూజు తీసిన బన్నునే ఎవరికో పెడుతున్నాడు. అక్కడ తినేది కుక్క కాదు.

భారతం మొదట్లోనే ఒక కుక్క కథ ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గర తిరుగుతున్న కుక్కపిల్లను, అది హవిస్సును ముట్టకపోయినా, ఆయన తమ్ముళ్లు కొట్టి తరిమారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏం చేశాడని కొట్టారు అని అడిగింది. వాళ్ల దగ్గర జవాబు లేదు. విచారించకుండా చెయ్యెత్తినవాళ్లకు ఎటునుంచి వస్తుందో తెలియని భయం వస్తుందని చెప్పి పోయింది. చిల్లకల్లులో ఆసామి చొక్కా పట్టుకున్న కుర్రాడిదీ జనమేజయుడి తమ్ముళ్ల తొందరే. అతన్ని ఆ పాపం నుంచి తప్పించింది ఒక టీ కొట్టు ఆవిడ. తన కొట్టు పేరు పోతుందని తెలిసీ, చెత్తబుట్టలోంచి కవరు తీసి దీపం వెలుగులో పట్టుకోబట్టి డాక్టరుకు రోగం దొరికింది, ఆసామికి మానం దక్కింది, టోలుగాడికి ప్రాణం నిలిచింది. ఆ రాత్రి వాడికి పడిన మందుల్లో మొదటిది జగ్గయ్యపేటలో వేసిన సూది కాదు.